ఉట్టిలో గ్లాసు

మొన్న విమానంలో ఒక కాగితపు గ్లాసు కోసం నేను చేసిన రభస తలుచుకుంటే నాకే నవ్వొస్తోంది. చెన్నై దగ్గర పడుతోంది. ఖాళీ కప్పులు ఏరుకుంటూ వచ్చిన అమ్మాయి నా ముందు చేయి చాపింది. ఇవ్వనన్నాను. పోనీ తాగేసి ఇవ్వండి అంది. తాగనూ తాగను, ఇవ్వనూ ఇవ్వను, కాసేపాగి ఇస్తాను అన్నాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, ఎందుకొచ్చిన గొడవ అనుకుందో ఏమో, జాగ్రత్త మేడం అని ముందుకు వెళ్ళిపోయింది. పక్క సీటు పెద్దమనిషి తన తెల్ల చొక్కాను కాపాడుకోవడానికి అటువైపు ఒదిగి కూర్చున్నాడు. నేను ముప్పాతిక దాకా నీళ్ళున్న ఆ గ్లాసును రెండు చేతులా మోకాలి మీద పట్టుకుని, విమానం ఎప్పుడు పక్కకు వాలుతుందా అని కాచుకుని కూర్చున్నాను. గుండె దడదడా కొట్టుకుంటోంది. భయంతో కాదు, ఉత్సాహంతో.

ఒకాయన నాకు ఒకే ఒక్క పని అప్పగించాడు. విమానం తిరిగేటప్పుడు గ్లాసులో నీళ్ళు ఏమవుతాయో చూసి రమ్మన్నాడు. మూడుసార్లు చెడగొట్టాను. ఇది నాలుగోసారి. అప్పగించిన మనిషి పోయిన వానల్లో నాలుగు రోజుల జ్వరంతో వెళ్ళిపోయాడు. పని మాత్రం నా నెత్తిన అలాగే ఉండిపోయింది.

ఆయన పేరు రాయను. మా వైపు ఆయన పేరు ఎవరికీ పట్టలేదు కూడా. అందరికీ సీడు బండి అన్న. నెల్లూరు తీరం పొడుగునా సముద్రపు నీళ్ళతో రొయ్య పిల్లలను పెంచే హేచరీలున్నాయి. అలాంటి ఒకదాంట్లో ల్యాబులో నా ఉద్యోగం. కంటికి ఆనీ ఆనని ఆ పిల్లలనే సీడు అంటారు. నీళ్ళూ ఆక్సిజనూ నింపిన సంచుల్లో వాటిని కట్టి, థర్మోకోల్ పెట్టెల్లో సర్ది పంపిస్తాం. కావలి దాకా ఉన్న చెరువులకైతే ఆయన వ్యానులోనే పోతాయి. గుజరాత్ చెరువులకైతే గూడూరు మీదుగా, తడ దాటి, చెన్నై విమానాశ్రయం దాకా ఆయన వ్యాను. అక్కడి నుంచి విమానం. అంటే ఆయన మోసిన పిల్లలు వేలసార్లు విమానం ఎక్కాయి. ఆయన ఒక్కసారీ ఎక్కలేదు.

బండి నడిపే తీరు చూడాలి ఆయనది. మలుపు ఇంకా అల్లంత దూరంలో ఉండగానే స్టీరింగు మీద అరచేత్తో రెండు దెబ్బలు మెల్లగా వేసేవాడు, గొడ్డు వీపు తట్టినట్టు. ఎందుకన్నా అంటే, బండికి ముందే చెప్పాల గదా అనేవాడు. పిల్లకు మలుపు చేటు కాదు, కుదుపు చేటు అన్నది ఆయన సిద్ధాంతం. ఎంత పెద్ద మలుపైనా సరే, మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ముగిస్తే లోపలున్న ప్రాణానికి తెలియదట. పెట్టెలున్నప్పుడు హారన్ కొట్టేవాడు కాదు. గేదెలు అడ్డమొస్తే దిగి తోలి వచ్చేవాడు. వెనకాల లారీవాళ్ళు తిట్టే తిట్లన్నీ చక్కగా విని, వాళ్ళకు పిల్లల్లేరు పాపం అనేవాడు.

ఇంక ఆ గ్లాసు. చిన్న స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి బండిలో ముందు పెట్టుకునేవాడు. చెరువు గట్టు చేరాక రైతు ఎదుట దాన్ని తీసి చూపించేవాడు. నిండుగా ఉంటే గడగడా తాగేసి, పిల్ల బాగుండాది దించుకోండి అనేవాడు. ఎప్పుడైనా ఒలికి ఉంటే తాగేవాడు కాదు. ఫలానా చోట గుంతలో పడినాను, ఆ వరసలో సంచులు చూసుకోండి అని తనే చెప్పేవాడు. ఇలా తన తప్పు తాను చెప్పుకునే డ్రైవర్ని నేను మళ్ళీ చూడలేదు. రైతులు మా ల్యాబు కాగితం కన్నా ఆయన గ్లాసునే నమ్మేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఏం చేస్తాను, నేనూ దాన్నే నమ్మేదాన్ని.

మొదట్లో గ్లాసును డాష్‌బోర్డు మీద పెట్టేవాడట. ఎంత మెల్లగా తిప్పినా ఉప్పుటేరు వంతెన మలుపులో కాసిని నీళ్ళు తొణికి సీటు మీద పడేవి. తడి సీటు గుడ్డలు ఆరేసి ఆరేసి విసుగెత్తిన ఆయన భార్య, వలలు అల్లే నైలాను దారంతో ఒక బుల్లి ఉట్టి అల్లి, ఇందులో పెట్టి వేలాడదీసుకో పో అని ఇచ్చింది. మర్నాడు వంతెన మలుపులో ఉట్టి ఒక పక్కకు ఇంత పోయిందట, గ్లాసు కూడా ఇంత వాలిందట, నీళ్ళు మాత్రం అంచు దాటలేదట. బండి పక్కకు ఆపి, దిగి, మలుపు మొత్తం నడిచి చూసి వచ్చాడట, రోడ్డులో ఏమైనా మాయ ఉందేమోనని. ఈ కథ నాకు కనీసం ఇరవైసార్లు చెప్పాడు. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే కళ్ళు వెలిగిపోయేవి.

ఆ రోజు నుంచి ఆయనకు విమానాల పిచ్చి పట్టుకుంది. మా తీరం మీదుగా చెన్నైకి దిగే విమానం ఏదైనా సముద్రం మీద రెక్క వాల్చి తిరుగుతుంటే, చేతిలో పెట్టె ఉన్నా సరే, అలాగే నిలబడి చూసేవాడు. ఎడమ అరచేయి చాపి, దాన్ని విమానంతో పాటే వాల్చేవాడు. లోపల గ్లాసు కదలదు, చూస్కోండి అనేవాడు. ప్యాకింగ్ షెడ్డులో అందరూ గొల్లుమనేవాళ్ళు. విమానమే పక్కకు ఒరిగితే నీళ్ళు ఒలకవా, ఎవరి చెవిలో పువ్వు పెడతావన్నా అని. ఒకసారి ఎక్కి చూడాలి అని ఆయన అంటే, ఆయన భార్య, ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందంట అని దెప్పేది. దెప్పడానికి ఆమెకు మాత్రం ఏం హక్కుందో. ఉట్టి అల్లి ఇచ్చిందే గాని, ఆ బండి ఒక్కనాడూ ఎక్కింది లేదు. ఆమెకు బస్సు పేరెత్తితే వాంతి. ఆదివారం ఆరాధనకు రెండు మైళ్ళూ నడిచే వచ్చేది. ఆయన ఖాళీ వ్యాను ఆమె వెనకాలే మెల్లగా నడుపుకుంటూ వచ్చేవాడు. చర్చి ముందు అది చూసి మేమంతా నవ్వుకునేవాళ్ళం.

నేనూ ఆ జాతిదాన్నే. చిన్నప్పుడు నెల్లూరు బస్సెక్కితే గూడూరు నిమ్మకాయ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకోనిదే కూర్చునేదాన్ని కాదు. పెట్టుకున్నా ఫలితం ఏమీ ఉండేది కాదు, అది వేరే సంగతి. అలాంటి నన్ను మా యజమాని ఒకరోజు పిలిచి, గుజరాత్ చెరువులు ఇక నువ్వే చూసుకోవాలన్నాడు. సంచులు విప్పే వేళకు ల్యాబు మనిషి గట్టు మీద ఉండాలి, కాబట్టి సీడుతో పాటు విమానంలో పోవాలి. ఒప్పుకుంటే ల్యాబు మొత్తానికి పెద్ద నేనే. వద్దంటే ఆ కుర్చీ వేరేవాళ్ళకు. ఆ కుర్చీ కోసం ఆరేళ్ళు సూక్ష్మదర్శినిలో కళ్ళు పెట్టి పనిచేశాను. అయినా ఆ సాయంత్రమే వద్దని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. బస్సే పడనిదాన్ని, ఒరిగే విమానం ఎలా ఎక్కను?

సంగతి ఎలా తెలిసిందో గాని, ఆయన ల్యాబు గుమ్మం దగ్గరకొచ్చి, కావలి చెరువుకు పోతుండా, ముందు సీట్లో రా పాపా అన్నాడు. నాకు వాంతులన్నా అన్నాను. వస్తే రానీ, సీటు నాది, కడుక్కుంటా అన్నాడు. జేబులోంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ రోజు రెండు గ్లాసులు పెట్టాడు. ఒకటి ఉట్టిలో, ఒకటి డాష్‌బోర్డు మీద సరిగ్గా నా ముందు. దారి పొడుగునా దగ్గరగా చూడొద్దు, దూరంగా ఉన్న తాటితోపు చూడమన్నాడు. చూశాను. ఆశ్చర్యం, కడుపు కుదురుగానే ఉంది. వంతెన మలుపు వచ్చింది. స్టీరింగు మీద రెండు దెబ్బలు వేశాడు. బండి తిరిగింది. డాష్‌బోర్డు మీది గ్లాసులో నీళ్ళు సగం నా ఒళ్ళో పడ్డాయి. ఉట్టి మాత్రం హాయిగా పక్కకు వాలి, గ్లాసును కూడా తనతో పాటు వాల్చుకుని, మలుపు అయ్యాక మళ్ళీ నిటారుగా నిలబడింది. అంచు దాకా ఉన్న నీళ్ళు అంచు దాకానే ఉన్నాయి.

"విమానం బస్సు గాదు పాపా. ఉట్టి. బస్సు ఒరగదు, అందుకే నువ్వు ఒరుగుతావు. ఉట్టి తానే ఒరుగుద్ది, అందుకే గ్లాసుకు తెలవదు."

తడిసిన చుడీదార్ పిండుకుంటూ నేను వాదనకు దిగాను. ఎంతైనా బీఎస్సీ చదివినదాన్ని. ఉట్టి మలుపుకు బయటివైపు పోతోంది, విమానం లోపలివైపు ఒరుగుతుంది కదా, రెండూ ఒకటెలా అవుతాయన్నా అని అడిగాను. దొరికాడు అనుకున్నాను. ఆయన బండి ఆపాడు. ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నట్టు సంబరంగా నా వైపు తిరిగాడు.

"బయటికి పోయేది ఉట్టి కాళ్ళు. తల యాడుండాది? లోపలే గదా. విమానం గూడా తల లోపలికి, కాళ్ళు బయటికి. రెక్కలే దానికి తాడు. తాడు పైకీ పట్టుకుంటాది, పక్కకీ లాగతాది. ఆ లాగుడుకే అది తిరిగేది."

ఉట్టి ఊడదీసి, రోడ్డు మీదకు దిగి, గ్లాసుతో సహా దాన్ని తన చుట్టూ గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు. యాభై దాటిన మనిషి, లుంగీ ఎగ్గట్టుకుని, ఉప్పుటేరు వంతెన మీద గిర్రున తిరుగుతున్నాడు. బోల్తా పడకుండా గ్లాసు అడ్డంగా గాలిలో తేలుతోంది. చుక్క నీరు పడలేదు. పట్టుకో అని నాకిచ్చాడు. నేనూ తిప్పాను. దారం చేతిని గట్టిగా లాగింది. బరువు పెరిగింది గదా, అదే, విమానం తిరిగేటప్పుడు కూర్చున్నోళ్ళకు గూడా కొంచెం బరువు పెరగాల, పెరక్కపోతే నేను చెప్పిందంతా అబద్ధం అన్నాడు. అటుగా పోతున్న ఆటోలోవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. నాకు సిగ్గు లేదు. వాంతి లేదు. ఇంత సంతోషం ఆ ల్యాబులో ఆరేళ్ళలో ఎప్పుడూ కలగలేదు.

మరి ఎక్కువ ఒరిగిపోతేనో అని ఆఖరి అనుమానం బయటపెట్టాను. పైలట్టు కూడా సీడు బండి డ్రైవరే అన్నాడు. ఆయనకు మనమే సీడు. పెట్టెల్లో సర్దినట్టు సర్దుతారు, గాలి కూడా వాళ్ళే నింపుతారు, అలాంటప్పుడు కుదిపి పోగొట్టుకుంటాడా అని ఎదురు ప్రశ్న వేశాడు. తరవాత నేను పుస్తకాల్లో చదివితే ఆ మాటే మరో రకంగా కనిపించింది. ప్రయాణికుల విమానాన్ని మామూలుగా ముప్ఫై డిగ్రీలకు మించి వాల్చరట. రెక్కలు అంతకన్నా చాలా ఎక్కువే మోయగలవు గాని, లోపలివాళ్ళకు కష్టం కలగకూడదని. ఆ వాలు కూడా ఒక్కసారిగా కాదు, మెల్లగా మొదలై మెల్లగా ముగుస్తుందట. రెండు దెబ్బలు ముందే వేస్తారన్నమాట.

ఆ సాయంత్రం యజమానికి వస్తానని చెప్పేశాను. బయలుదేరే రోజు చెన్నైకి ఆయన వ్యానులోనే వెళ్ళాను, సీడుతో పాటు. విమానాశ్రయం దగ్గర దింపి, పని అప్పగించాడు. కిటికీ పక్కన కూర్చో, గ్లాసుతో నీళ్ళు అడుగు, తిరిగేటప్పుడు నీళ్ళు చూడు, వచ్చి చెప్పు. ఆయన చేతిలో పెట్టెల కట్టు విప్పిన తాడు ఉంది. ఆ తాడునే ఇటు తిప్పీ అటు తిప్పీ, చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. నీకోసం నేను పోవడమేంది, నువ్వే ఒకసారి రారాదా అన్నా అన్నాను. నేనొస్తే బండెవరు తెస్తారు అని నవ్వాడు.

"ప్రార్థన చేసుకో పాపా. కళ్ళు మాత్రం తెరిచి చెయ్యి."

ఆ ఒక్క ముక్కా నా వల్ల కాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి కళ్ళు మూయకుండా ప్రార్థన చేసినదాన్ని కాదు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో కళ్ళు తెరిస్తే నెత్తిన మొట్టికాయ పడేది. విమానం నేల విడిచిందో లేదో కళ్ళు వాటంతట అవే మూతలు పడ్డాయి. ప్రార్థనలో నా ఉద్యోగం, మా అమ్మ మోకాళ్ళు, సంచుల్లోని సీడు, చివరికి మా యజమాని రక్తపోటు కూడా వచ్చాయి. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి విమానం తిరగడం అయిపోయి తిన్నగా పోతోంది. దిగేటప్పుడూ అదే వరస. ఒక చేతిలో నిమ్మకాయ, రెండు కళ్ళూ మూత.

వాంతి కాలేదు, భయం తీరిపోయింది, చెరువుల పని దివ్యంగా జరిగింది. తిరిగొచ్చాక మా షెడ్డు ముందు వ్యాను ఆపి, ఇంజను కూడా కట్టెయ్యకుండా దిగి వచ్చాడు ఆయన. నీళ్ళు కదల్లేదన్నా, నువ్వు చెప్పినట్టే ఉండినాయి అని చెప్పేశాను. అంత ఆశగా వచ్చిన మనిషికి ఇంకేం చెప్పను? మొహం చేటంత చేసుకున్నాడు. షెడ్డులో వాళ్ళను కేకేసి, విన్నారా అన్నాడు. తరవాత నా దగ్గరకొచ్చి, మెల్లగా అడిగాడు.

"బరువు తెలిసినాదా?"

"ఏం బరువన్నా?" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన నా చేతిలోని ఎండిన నిమ్మకాయ తీసుకుని వాసన చూశాడు. పొడుగు ప్రార్థనే అయ్యుంటాది, మళ్ళీ పోయినప్పుడు చూడు అని, వెళ్ళి ఇంజను కట్టేశాడు. షెడ్డులో ఎవరికీ చెప్పలేదు. రెండోసారి కూడా మూసుకున్నాను. మూడోసారి నడవా పక్క సీటు వచ్చింది, కిటికీ అందలేదు. వచ్చిన ప్రతిసారీ ఆయన అడగకుండా నా మొహం చూసేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. తొందరేముండాది అనేవాడు. తొందర ఉండిందని ఇద్దరికీ తెలియలేదు.

అందుకే మొన్న ఆ గ్లాసు కోసం అంత పోరాడాను. ప్రార్థన ఇంటి దగ్గరే చేసుకుని వచ్చాను, విమానంలో కళ్ళు మూసే అవసరం లేకుండా. విమానం సముద్రం మీదకు వెళ్ళింది. చెన్నైకి తిరగాలిక. ముందు రెక్క ఒక్కరవ్వ కదిలింది, బండికి చెప్పినట్టు. తరవాత మెల్లగా, చాలా మెల్లగా వాలింది. కిటికీలో సముద్రం గోడలా లేచి నిలబడింది. దాని మీద పడవలు అంటించినట్టు ఉన్నాయి. నేను గ్లాసులోకి చూశాను. నీళ్ళు అంచుకు సమాంతరంగా, ఇంట్లో బల్ల మీద పెట్టినట్టు, చదునుగా ఉన్నాయి. ఇంజన్ల అదురుకు చిన్న వణుకు, అంతే. ఒక పక్కకు పోలేదు. అప్పుడు తెలిసింది బరువు. ఎవరో చంటిబిడ్డను తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టినట్టు, మెత్తగా, తియ్యగా. తొడల మీద, భుజాల మీద, గ్లాసు పట్టుకున్న మణికట్టులో. ఉందన్నా, బరువుంది అని పైకే అనేశాను. పక్కాయన ఉలిక్కిపడ్డాడు. విమానం నిటారుగా అయ్యేవరకు చూసి, ఆ నీళ్ళు గడగడా తాగేసి, ఖాళీ గ్లాసు ఆ అమ్మాయిని పిలిచి మరీ ఇచ్చాను. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పక్కాయన తన రుమాలు ఇచ్చాడు, పాపం మంచివాడు.

చెన్నైలో దిగి మా ఇంటికి కూడా పోలేదు. నేరుగా ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఉట్టి వంటింటి దూలానికి వేలాడుతోంది. వ్యాను ఇప్పుడు ఇంకెవరో నడుపుతున్నారు, ఉట్టీ గ్లాసూ తెచ్చి ఇచ్చేశారట. అందులో నిమ్మకాయలు వేసి ఉంచింది. ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. సముద్రం నిలబడటం, నీళ్ళు కదలకపోవడం, ఒళ్ళో బరువు. ఆమె చేట పక్కన పెట్టి విన్నది.

"ఈసారి కళ్ళు తెరిచే ఉండావా?" అంది.

ఆమెకు మొదటి నుంచీ అన్నీ తెలుసు. పాప చూడలేదు, నన్ను నొప్పించలేక అట్ట చెప్పినాది అని ఆ రోజే ఇంట్లో చెప్పాడట ఆయన. అవునక్కా, తెరిచే ఉన్నాను అన్నాను. ఆమె కాసేపు తన ఒడి వైపు చూసుకుంది. అరచేయి ఒకటి తొడ మీద ఆనించి, కొంచెం నొక్కి చూసుకుంది. తరవాత లేచి, ఉట్టిలోని నిమ్మకాయలన్నీ నా కొంగులో పోసి, గూట్లోంచి స్టీలు గ్లాసు తీసి పైట చెంగుతో తుడిచింది.

మళ్ళీ ఎప్పుడు పోతున్నావని అడిగింది. వచ్చే నెలలో అన్నాను. తనూ వస్తానంది. ముప్ఫై ఏళ్ళు ఆయన బతిమాలినా రెండు మైళ్ళ దూరానికి వ్యాను ఎక్కని మనిషి. వాంతులక్కా, భయం లేదా అన్నాను.

"ఉండాది. కిటికీ పక్కన నేను కూర్చుంటా. ఈ గ్లాసు నేనే పట్టుకుంటా."

ఖాళీ గ్లాసుకు అక్కడెవరూ అడ్డు చెప్పరులే, నీళ్ళు లోపల పోయించుకోవచ్చు అన్నాను. మరి పాస్టరుగారిని పిలిచి ప్రయాణానికి ప్రార్థన చేయించుకుందామా అని అడిగాను.

"చేయించుకుందాం. అంతా ఇంట్లోనే అయిపోవాల. పైన కళ్ళు మూసేది లేదు."